పంట మోసే బండికి రబ్బరు పైపే ప్రాణం



ఈసారి పంట గురించి కాదు, పంటను మార్కెట్‌కు మోసే బండి గురించి రాస్తున్నా. ఇప్పుడు ఎద్దుల బండి లేని ఊళ్లు చాలా ఉన్నాయి గానీ, డీజిల్ పికప్ లేని ఊరు మా చుట్టుపక్కల ఒక్కటీ లేదు. టమోటా అయినా, మామిడి అయినా, యూరియా బస్తాలైనా, మేకలైనా, పెళ్లి సామానైనా ఎక్కేది దాని మీదే. అలాంటి బండిని నడిరోడ్డు మీద నిలబెట్టడానికి ఇంజన్లో పెద్ద లోపమే రానక్కర్లేదు. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే మూరెడు రబ్బరు పైపు చాలు. దాని ఖరీదు వందల్లో ఉంటుంది. అది పగిలితే పోయే ఇంజన్ ఖర్చు వేలు దాటి లక్ష వైపు నడుస్తుంది.

పోస్టు కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి. బండి మీ సొంతమైనా, కిరాయికి పెట్టుకునేదైనా ఇందులో మీకు పనికొచ్చే మాట ఉంటుంది.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. పైపు పాతబడిందని బండి ఉన్నవాళ్లకు తెలియక కాదు. మార్చడానికి రోజు దొరకదు. రేటు లేనప్పుడు చేతిలో డబ్బుండదు, రేటున్నప్పుడు చేతిలో టైముండదు. టమోటా కోతలు మొదలైతే బండి రాత్రీ పగలూ తిరుగుతుంది. "ఈ కోత అయిపోనీ, చూద్దాం" అంటాం. కోత అయిపోయాక "ఇప్పుడు బండి ఊరికే ఉంది కదా, తొందరేముంది" అంటాం. ఇలా ఒక్కో పంట దాటుకుంటూ ఏడెనిమిదేళ్లు అదే పైపుతో నడిచే బండ్లు ఎన్నో. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

అసలు ఆ పైపు చేసే పని ఏందో ఒకసారి చూడండి. ఇంజన్లో మండే డీజిల్ శక్తి మొత్తం చక్రాలకు పోదు. మూడో వంతో, ఇంకాస్త ఎక్కువో బండిని లాగడానికి పనికొస్తుంది. మిగతాదంతా వేడే. ఆ వేడిలో కొంత సైలెన్సర్ దారిన పోతుంది. ఇంకో పెద్ద భాగాన్ని నీళ్లు మోసుకుపోవాలి. వాటర్ పంపు నీళ్లను ఇంజన్ బ్లాకులోకి, హెడ్డులోకి నెడుతుంది. ఇంజన్ వేడెక్కి సుమారు 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ వాల్వు తెరుచుకుంటుంది. కాగిన నీళ్లు పై పైపు గుండా రేడియేటర్‌కు పోతాయి, అక్కడ గాలికి చల్లారి కింది పైపు గుండా మళ్లీ పంపుకు వస్తాయి. బండి నడిచినంతసేపూ ఇదే చక్రం.

మరి ఇనుప పైపు వేయొచ్చు కదా అంటారేమో. ఇంజన్ తన రబ్బరు మౌంటుల మీద ఊగుతూ ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఫ్రేముకు బిగించి ఉంటుంది. రెండింటి మధ్య గట్టి పైపు వేస్తే నాలుగు గుంతలకే చిట్లిపోతుంది. అందుకే రబ్బరు. అంటే వేడినీ, ఒత్తిడినీ, ఊపునూ మూడింటినీ ఒంటి చేత్తో తట్టుకునేది అదే.

ఒత్తిడి అనేది చిన్న మాట కాదు. రేడియేటర్ మూత ఉత్త మూత కాదు, అది మన కుక్కర్ విజిల్ లాంటిది. లోపల సుమారు 1 బార్, అంటే 15 పీఎస్ఐ దగ్గర ఒత్తిడి నిలుపుతుంది. బండిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒత్తిడి ఉంటే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 1 బార్ ఒత్తిడిలో అవే నీళ్లు 120 డిగ్రీల దగ్గరికి పోతే గానీ మరగవు. మూత అరిగి ఒత్తిడి నిలవకపోయినా, పైపు కారినా ఆ రక్షణ పోయినట్టే. ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ కాస్త వదులైతే కొత్తది తెచ్చేదాకా ఆడవాళ్లు ఊరుకోరు. బండిలో ఉన్న కుక్కర్‌కు మాత్రం మనం ఏడేళ్ల రబ్బరుతో కాలం గడుపుతాం.

మా ఊరి సంగతి ఒకటి చెప్తా. ఫైనాన్సులో పికప్ తీసుకున్న కుర్రోడు ఒకడు ఉన్నాడు. ఒళ్లు వంచి పని చేసే రకం. మొన్న కోతల్లో మా ముగ్గురు రైతుల సరుకు కలిపి 60 క్రేట్లు ఎత్తుకుని తెల్లవారుజామున మదనపల్లెకు బయల్దేరాడు. అంగళ్లు ఇంకా రాకముందే వేడి ముల్లు పైకి లేచింది. మార్కెట్ దగ్గరికి వచ్చేశాం కదా, అక్కడ చూద్దాంలే అనుకున్నాడు. కాసేపటికి ముల్లు తనంతట తానే దిగిపోయింది. బండి చల్లబడిందనుకుని అలాగే తోలాడు. మూడు నాలుగు కిలోమీటర్లు పోయాక ఇంజన్ పట్టేసింది.

"ముల్లు దిగిపోయె కదా మామా, సల్లబడిందనుకుంటి" అన్నాడు నాతో. ఈ ఒక్క మాట కోసమే నేను ఈ పోస్టు రాస్తున్నా అనుకోండి. ముల్లును నడిపేది నీళ్లలో మునిగి ఉండే ఒక సెన్సర్. నీళ్లు మొత్తం కారిపోయాక ఆ సెన్సర్ ఉత్త గాలిలో, ఆవిరిలో ఉంటుంది. అప్పుడు లోపల ఇనుము కాగిపోతున్నా ముల్లు కిందికి దిగొచ్చు. పైకి లేచిన ముల్లు, మీరు ఏమీ చేయకుండానే సరసరా దిగిందంటే సంతోషపడొద్దు. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. బండి చల్లబడితే ముల్లు మెల్లగా దిగుతుంది, నీళ్లు పోతే ఉన్నట్టుండి పడిపోతుంది.

మెకానిక్ విప్పి చూస్తే పై పైపు క్లిప్పు దగ్గర చీలి ఉంది. టాపెట్ కవర్ దగ్గర ఇంజనాయిల్ చెమ్మగా కారి ఎన్నాళ్ల నుంచో ఆ పైపు మీద పడుతోంది. నీళ్లు పోయే రబ్బరుకు నూనె పడదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి క్లిప్పు కింద తెగుతుంది. హెడ్డు వంగింది, గ్యాస్కెట్ కాలింది, ఒక పిస్టన్ గీసుకుపోయింది. బండి నెల రోజులు షెడ్డులోనే ఉంది. రెండు కంతులు తప్పాయి.

మా సంగతి వేరే. ఇంకో బండి దొరికి క్రేట్లు రోడ్డు మీదే మార్చుకునేసరికి ఎండెక్కింది. మాగినవి కొన్ని నలిగాయి. మండీకి చేరేసరికి మంచి గిరాకీ ఉన్న వేలం అయిపోయింది. ఆ తర్వాత కిరాయి ఇవ్వాలా వద్దా అని మా ముగ్గురిలోనే మాట వచ్చింది. ఒకాయన నష్టం వాడే కట్టాలన్నాడు. ఇంకొకాయన వాడే మునిగిపోయాడు, ఇంకా ఏం ముంచుతాం అన్నాడు. ఆఖరికి సగం కిరాయి ఇచ్చి ఊరుకున్నాం. కానీ ఒకే వీధిలో ఉండేవాళ్ల మధ్య కొన్నాళ్లు మాటలు తగ్గాయి. చూడండి, మూరెడు రబ్బరు ఎక్కడి దాకా పోయిందో.

సరే, మీ బండి పైపులు ఎలా చూసుకోవాలో చెప్తా. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చేయాలి. ఉదయం బండి తీయకముందు అయితే మేలు.

బానెట్ ఎత్తండి. చిన్న బండ్లలో ఇంజన్ సీటు కింద ఉంటే సీటు ఎత్తండి. పై పైపును, కింది పైపును బొటనవేలు, చూపుడు వేలితో నొక్కి చూడండి. మధ్యలో ఒకసారి, రెండు చివర్లా క్లిప్పుకు రెండు వేళ్ల ఇవతల ఒకసారి నొక్కండి. మంచి పైపు గట్టిగా ఉండి, నొక్కితే లొంగి, వదిలితే మళ్లీ నిలబడుతుంది. మధ్యలో గట్టిగా ఉండి చివర్లో మెత్తగా ఉంటే లోపల రబ్బరు చీలుతున్నట్టు. ఈ పైపులు చాలాసార్లు లోపలి నుంచే పాడవుతాయి. పైన నున్నగా నల్లగా మెరుస్తూనే ఉంటాయి, పైకి చూసి మోసపోవద్దు. నొక్కితే ఎండుటాకులా పెళపెళమన్నా, రాయిలా బిగుసుకుపోయినా, ఒకచోట బొడ్డులా ఉబ్బినా, చేతికి జిడ్డు అంటినా మార్చేయండి. క్లిప్పు చుట్టూ తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటే అక్కడ సన్నగా కారి ఆరిపోతోందని అర్థం.

ఏ లోపం కనిపించకపోయినా నాలుగైదేళ్లకు మార్చడం మంచిది. మీ బండి సర్వీసు పుస్తకంలో అంతకంటే ముందే మార్చమని ఉంటే అదే పాటించండి. మార్చేటప్పుడు ఒక్కటే మార్చొద్దు. పై పైపూ కింది పైపూ ఒకే రోజు పుట్టిన అన్నదమ్ములు. ఒకటి పోయిందంటే రెండోది కూడా దారిలోనే ఉంది. వాటితో పాటు చిన్న బైపాస్ పైపులు, క్లిప్పులు, రేడియేటర్ మూత కూడా చూసి మార్చండి. నీళ్లు ఎలాగూ దించుతారు కాబట్టి థర్మోస్టాట్ పాతదైతే అదీ అప్పుడే వేయించుకోండి. రెండోసారి కూలెంట్ ఖర్చు తప్పుతుంది.

కొనేటప్పుడు బండి మోడలు, సంవత్సరం చెప్పి దానికే పోతపోసిన వంపు పైపు అడగండి. తిన్నని పైపు ముక్క తెచ్చి వంచి బిగించే పద్ధతి ఉంది. వద్దు. వంపు దగ్గర మడత పడి నీళ్ల దారి సగం మూసుకుపోతుంది. డీజిల్ పైపు మిగిలింది కదా అని నీళ్లకు, నీళ్ల పైపు ఉంది కదా అని డీజిల్‌కు వేయొద్దు. పైకి రెండూ నల్ల రబ్బరే, లోపల జాతి వేరు. నూనె తట్టుకునేది ఒకటి, కాగిన నీళ్లు తట్టుకునేది ఇంకొకటి.

ఇక మార్చే పని. చేతిలో స్క్రూ డ్రైవరు, స్పానర్లు, ఒక వెడల్పాటి తొట్టి, కత్తి బ్లేడు, సన్న ఎమ్రీ పేపరు, సబ్బు నీళ్లు ఉంటే చాలు. మీకు చేయి తిరగకపోతే మెకానిక్ చేతనే చేయించండి, కానీ పక్కన నిలబడి ఇవి జరుగుతున్నాయో లేదో చూడండి.

బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టండి. చల్లారాకే మూత తీయండి. వేడి మీద మూత తీస్తే లోపల ఒత్తిడితో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. రేడియేటర్ కింద చిన్న కుళాయి ఉంటే దాన్నుంచి, లేకపోతే కింది పైపు వదులు చేసి, నీళ్లను తొట్టిలోకి దించండి. నేల మీద వదలొద్దు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చాలా కూలెంట్లలో ఇథిలిన్ గ్లైకాల్ ఉంటుంది. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, దూడలు నాకుతాయి. కొంచెం లోపలికి పోయినా మూత్రపిండాలు దెబ్బతిని చస్తాయి. మన బండి నిలిపేది ఎక్కువగా గాటిపాక పక్కనే కదా. పాత కూలెంటును క్యానులో పోసి మూత బిగించి, పిల్లలకు అందని చోట పెట్టండి. తాగే నీళ్ల సీసాలో మాత్రం ఎప్పుడూ పోయొద్దు.

పాత పైపు అతుక్కుపోయి రాకపోతే స్క్రూ డ్రైవరు దూర్చి పెకిలించొద్దు. ఇప్పుడు చాలా రేడియేటర్లకు ట్యాంకులు ప్లాస్టిక్‌వి, పైపు తొడిగే మెడ ఇట్టే విరుగుతుంది. వందల పని వేలకు పోతుంది. ఎలాగూ పారేసే పైపే కాబట్టి బ్లేడుతో పొడవునా గీసి ఒలిచేయండి. గీత మెడ మీద పడకుండా చూసుకోండి. మెడ మీద ఉన్న పొక్కును ఎమ్రీతో తేలిగ్గా రుద్ది నున్నగా చేయండి. ఇక్కడ పొక్కు మిగిలితే ఎంత కొత్త పైపైనా కారుతుంది.

కింది పైపు లోపల కొన్ని బండ్లలో తీగ స్ప్రింగు ఉంటుంది. అనవసరమని తీసి పారేస్తారు కొందరు. పంపు నీళ్లను లాగేది ఆ పైపు గుండానే. బోరు మోటారు సక్షన్ పైపు మెత్తగా ఉంటే ఎలా అణిగిపోతుందో ఇదీ అంతే. పాతదానిలో స్ప్రింగు ఉంటే కొత్తదానిలోనూ ఉండేలా చూడండి.

కొత్త పైపుకు క్లిప్పులు ముందే ఎక్కించుకోండి. మెడకు సబ్బు నీళ్లు పూసి తొడగండి. గ్రీజు, ఇంజనాయిల్ వద్దు, రబ్బరుకు నూనె పడదని పైన చెప్పాను కదా. మెడ చివర గాజు కడియంలా ఒక ఉబ్బు ఉంటుంది. పైపు ఆ ఉబ్బు దాటి లోపలి దాకా పోవాలి, క్లిప్పు ఉబ్బుకు వెనక కూర్చోవాలి. ఉబ్బు మీదే బిగిస్తే ఒత్తిడికి జారిపోతుంది. క్లిప్పు స్క్రూ తర్వాత మనకు అందే వైపు తిప్పి పెట్టండి. గట్టిగా బిగించండి, కానీ రబ్బరు క్లిప్పు సందుల్లోంచి పైకి ఉబికేంతగా వద్దు. పైపు ఫ్యానుకు, బెల్టుకు, ఇనుప అంచులకు తగలకుండా ఉందో లేదో చేయి పెట్టి చూడండి. రాసుకునే చోట కొత్త పైపు కూడా కొన్నాళ్లకే అరిగిపోతుంది. టాపెట్ కవర్ నూనె కారుతుంటే దాన్నీ ఇప్పుడే ఆపండి. లేకపోతే కొత్త పైపుకూ పాతదాని గతే.

తర్వాత నీళ్లు. ఇక్కడే మన వాళ్లు ఎక్కువ నష్టపోయేది. పైపు కొత్తది వేసి, పొలం గట్టు మీద బోరు నీళ్లు బక్కెట్టుతో పోసేస్తారు. మన రాయలసీమ బోరు నీళ్లు డ్రిప్ పైపులను ఏం చేస్తాయో మీకు నేను చెప్పాలా? యాసిడ్ పోసి కడుక్కుంటేనే గదా లాటరళ్లు నడిచేది. అదే సున్నపు ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. అక్కడ అది వేడిని బయటికి పోనివ్వదు. పైగా కూలెంట్ లేని నీళ్లు లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. కంపెనీ చెప్పిన రకం కూలెంట్ పోయండి. కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి, అందులో మళ్లీ నీళ్లు కలపొద్దు. చిక్కటిదైతే డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీ నీళ్లు కలపండి. రంగు చూసి ఒకదాంట్లో ఇంకోటి కలపొద్దు, ఒకే రంగులో వేరు వేరు మందులు ఉంటాయి.

మెల్లగా పోయండి, గాలి బయటికి రావాలి. ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి పెట్టి స్టార్ట్ చేసి, ఐడిలింగులో వదలండి. బండికి హీటరు ఉంటే వేడి వైపు తిప్పి పెట్టండి. పై పైపును మధ్యమధ్య నొక్కుతూ ఉంటే బుడగలు బయటికి వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. ఫ్యానుకు చేతులు, తువ్వాలు దూరంగా పెట్టుకోండి. కాసేపటికి పై పైపు వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. బుడగలు ఆగి మట్టం నిలిచాక, పొంగకముందే మూత బిగించండి. గాలి తీసే స్క్రూ ప్రత్యేకంగా ఉన్న బండ్లకు పుస్తకంలో చెప్పినట్టు చేయండి. ఒక తిరుగుడు తిరిగి వచ్చి, మళ్లీ పూర్తిగా చల్లారాక రెండు పనులు తప్పనిసరి. మట్టం చూడటం ఒకటి, క్లిప్పులు ఇంకోసారి బిగించడం ఇంకొకటి. కొత్త రబ్బరు మొదటి వేడికి కాస్త సర్దుకుంటుంది. బుడగలు ఎంతకీ ఆగకపోతే, ఇంజనాయిల్ పాలు కలిపిన టీలా మారితే, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ తీయగా వాసన వస్తుంటే అది పైపు సంగతి కాదు, హెడ్ గ్యాస్కెట్. బండి తోలకుండా మెకానిక్‌ను పిలవండి.

ఇంత చేసినా దారిలో పగలదని రాసివ్వలేం. పగిలితే ఏం చేయాలో తెలుసుకోండి. ఆవిరి కనిపించినా, తీపి వాసన వచ్చినా, ముల్లు ఎగిరినా బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. మార్కెట్ ఇంకో కిలోమీటరే అన్నా సరే. మూత ముట్టుకోవద్దు. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు పోయొద్దు, కాలిన పెనం మీద నీళ్లు చల్లితే ఎలా చిటపటలాడుతుందో హెడ్డు అలాగే చిట్లుతుంది. ముప్పావుగంట ఆగండి. పైపు చివర క్లిప్పు దగ్గర మాత్రమే చీలితే ఆ ముక్క కోసేసి, పొడవు చాలితే మళ్లీ తొడిగి బిగించొచ్చు. మధ్యలో చీలితే రబ్బరు టేపు గట్టిగా లాగి చుట్టి, నీళ్లు నింపి, దగ్గరి షెడ్డు దాకా మెల్లగా పోవచ్చు. ఇలాంటప్పుడు బోరు నీళ్లయినా పర్వాలేదు, తర్వాత దించి కూలెంట్ పోసుకోవచ్చు. అదీ లోడు దించాకే. సీటు కింద ఒక 5 లీటర్ల నీళ్ల క్యాను, రెండు క్లిప్పులు, ఒక టేపు చుట్ట, స్క్రూ డ్రైవరు ఎప్పుడూ ఉండాలి. పెద్ద బరువేం కాదు, ఒక క్రేటు చోటు కూడా పట్టదు.

ఇంకో మాట, ఆటోమేటిక్ గేరు పికప్‌లు కొనే వాళ్లకు. టయోటా హైలక్స్, మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటివాటిలో ఆటోమేటిక్ మోడళ్లు వస్తున్నాయి. తోట రైతులు, చెరువుల రైతులు కొందరు తీసుకుంటున్నారు. ఆటోమేటిక్ గేరుబాక్సులో నూనె కూడా బాగా వేడెక్కుతుంది, ముఖ్యంగా లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు. ఆ నూనెను చల్లార్చడానికి గేరుబాక్సు నుంచి కూలర్‌కు రెండు గొట్టాలు పోతాయి, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది. ఎక్కువగా ఇనుప గొట్టానికి మధ్యలో రబ్బరు ముక్క ఉంటుంది. రాళ్ల దారిలో, బురదలో తిరిగే బండ్లకు కింది భాగం తుప్పు పట్టి, రబ్బరు అతుకు దగ్గర నూనె చెమ్మ పడుతుంది. బండి నిలిపిన చోట ఎర్రటి నూనె చుక్క కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. నూనె తగ్గితే గేరుబాక్సు లోపలి ప్లేట్లు కాలిపోతాయి, ఆ ఖర్చు ముందు ఇంజన్ హెడ్డు ఖర్చు చిన్నదే. కూలర్ రేడియేటర్ ట్యాంకులోనే ఉన్న బండ్లలో అది లోపల చిట్లితే నీళ్లూ నూనే కలిసి రోజ్ మిల్కులా మారుతుంది. అప్పుడు తోలితే రెండూ పోతాయి. ఈ గొట్టాలకు నీళ్ల పైపు పనికిరాదు, ఆ నూనెకూ ఆ వేడికీ చేసిన పైపే వేయాలి. నూనె కూడా కంపెనీ చెప్పిన రకమే. మట్టం చూసే పద్ధతి బండికో తీరుగా ఉంటుంది కాబట్టి, ఈ పని ఆ బండి తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

చివరిగా బండి లేని రైతులకు. కిరాయి మాట్లాడేటప్పుడు క్రేటుకు ఎంత అని అడుగుతాం, ఎన్ని గంటలకు వస్తావని అడుగుతాం. బండి ఎలా ఉందని అడగం. అడగండి. "పైపులు ఎప్పుడు మార్చావ్ రా అబ్బీ, కూలెంట్ పోశావా, బోరు నీళ్లా" అని అడగడంలో తప్పేం లేదు. ఎక్కేది మన ఆరు నెలల కష్టం. తోలేవాడికీ అది అవమానం కాదు, మంచి మాటే. ఇంకొకటి, రేటు ఉన్న రోజున "ఇంకో పది క్రేట్లు ఎక్కించు, ఏం కాదులే" అని బలవంతం చేసేది మనమే. లోడు పెరిగేకొద్దీ, ఎత్తు ఎక్కేకొద్దీ ఇంజన్ ఎక్కువ డీజిల్ తాగుతుంది, ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఆ వేడిలో పెద్ద భాగం పోవాల్సింది ఆ రెండు పైపుల గుండానే. పాత పైపు అలాంటి రోజే పగులుతుంది, ఖాళీ బండి ఇంటికొచ్చే రోజు కాదు.

మీ ఊళ్లో నలుగురైదుగురు కలిసి ఒకే బండికి సరుకు ఎక్కించేవాళ్లు ఉంటే ఇలా చేయొచ్చు. కోతలు మొదలవకముందు ఒక రోజు చూసుకుని, పైపుల ఖర్చు కిరాయిలో ముందుగా ఇచ్చేయండి, తర్వాత పట్టుకోండి. మనిషికి పడేది ఒకటి రెండు క్రేట్ల కిరాయి. చేతిలో డబ్బు లేక వాయిదా వేసే కుర్రోడికి సాకు ఉండదు, మనకు సరుకు వేళకు చేరుతుంది. మా ముగ్గురం ఇప్పుడు అదే చేస్తున్నాం.

పంట రోగానికి ముందే మందు కొడతాం, గొడ్డుకు వానల ముందే టీకా వేయిస్తాం. బండికి మాత్రం పగిలాకే చూస్తాం. రేపు ఉదయం బండి తీసే ముందు, ఇంజన్ చల్లగా ఉండగానే, బానెట్ ఎత్తి ఆ రెండు పైపులను ఒకసారి నొక్కి చూడండి. రెండు నిమిషాల పని. చేతికి మెత్తగా తగిలితే ఆ రోజు లోడు ఎక్కించొద్దు.